మన దగ్గర లేదని చెప్పిన జబ్బు

డిసెంబరు చివరి వారంలో మా కంపెనీ నుంచి ఎప్పటిలాగే ఒక ఫారం వచ్చింది. టీచరుగా మెరుగుపడటానికి వచ్చే సంవత్సరం ఏం చేయదలచుకున్నారో మూడు లక్ష్యాలు రాయమని. కరీంనగర్‌లో మా ఇంటి వెనక గదిలో కూర్చుని ఇంటర్ పిల్లలకు ఆన్‌లైన్‌లో జువాలజీ చెప్పడం మొదలుపెట్టి నాలుగేళ్లు. అంతకుముందు పద్నాలుగేళ్లు ఒక ప్రైవేటు కాలేజీలో నల్లబల్ల ముందు నిలబడి చెప్పాను. ఆ కాలేజీ మూతపడింది. నేను తెర ముందుకు వచ్చాను.

మొదటి ఏడాది ఆ ఫారంలో, డిజిటల్ పలక మీద బొమ్మలు గీయడం నేర్చుకుంటానని రాశాను. రెండో ఏడాది ఏదో సర్టిఫికెట్ కోర్సు చేస్తానన్నాను. మూడో ఏడాది ఆ రెండింటినీ కలిపి, పైది కిందికీ కిందిది పైకీ మార్చి పంపించాను. ఒక్కటీ చేయలేదు. ఎవరూ అడగలేదు. జనవరిలో మళ్లీ ఏడాదికి కాంట్రాక్టు వచ్చేది. అంతే.

ఈసారి మా కోఆర్డినేటర్ మారింది. హైదరాబాదులో ఉండే అమ్మాయి. నేను కాలేజీలో చదువు చెప్పిన మొదటి బ్యాచ్ పిల్లలకన్నా చిన్నదే అయి ఉంటుంది. ఫోన్ చేసి మెత్తగా చెప్పింది.

"మ్యామ్, ఫారం రాసేముందు ఒక్క పని చేయండి. మీ క్లాసు రికార్డింగులు రెండు పూర్తిగా చూడండి. స్పీడు పెంచొద్దు, ముందుకు జరపొద్దు."

"నా క్లాసు నేనే చూడాల్నా?"

"మీరు స్టూడెంట్ అనుకుని చూడండి మ్యామ్."

సరేనన్నాను కానీ మూడు రోజులు ఆ పని పెట్టుకోలేదు. లాప్‌టాప్ తెరవడం, మూయడం. పప్పు డబ్బాలన్నీ దించి తుడిచాను. కిటికీ తెరలు ఉతికాను. మా ఆయన సబ్‌స్టేషన్‌లో పని చేస్తారు. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలు ఇంట్లో ఉంటారు. నా కాళ్ల చప్పుడుకు ఆయనకు నిద్ర పట్టలేదు.

"పొద్దుగాల్నుంచి గట్ల తిరుగుతనే ఉన్నవేంది? ఏమైంది?"

"నా పాఠం నన్నే సూడమన్నరు."

"సూడు మరి. పద్దెనిమిదేండ్లు మంది సూసిన్రు, నువ్వు గంట సూస్తే ఏమైతది?"

ఆ మాటకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే వెళ్లి కూర్చుని, డిసెంబరు మొదట్లో చెప్పిన జన్యుశాస్త్రం క్లాసు పెట్టుకున్నాను.

మొదటి అయిదు నిమిషాలు నా జుట్టు, నా గొంతు, చున్నీ సర్దుకోవడం చూసుకుంటూ సిగ్గుపడ్డాను. తర్వాత సిగ్గు పోయి వేరే ఏదో పట్టుకుంది. నేను ఆగడం లేదు. "దీనికి కారణం ఏమిటి?" అని అడుగుతున్నాను, ఆ ప్రశ్న పూర్తిగా దిగకముందే "కారణం ఏమిటంటే" అని నేనే అందుకుంటున్నాను. "అర్థమైందా?" అంటాను. "సరే, అర్థమైంది" అని కూడా నేనే అంటాను. నలభై మంది పిల్లలున్న క్లాసులో నేను ఒక్కదాన్నే అడిగి, ఒక్కదాన్నే చెప్పి, ఒక్కదాన్నే మెచ్చుకుని వెళ్లిపోతున్నాను.

సికిల్‌సెల్ రక్తహీనత దగ్గరికి వచ్చాను. ఎర్ర రక్తకణం గుండ్రంగా ఉండాల్సింది కొడవలిలా వంగిపోయే జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడ్డవే వస్తే బిడ్డకు వస్తుంది. ఒక్కటే వస్తే మనిషి మామూలుగానే ఉంటాడు కానీ తన పిల్లలకు ఇవ్వగలడు. ఇదంతా గళ్లు గీసి చెప్పాను. బాగానే చెప్పాను. చివర నవ్వుతూ ఒక మాటన్నాను.

"ఇది ఆఫ్రికా దేశాల్లో ఎక్కువ. మన దగ్గర లేదు కాబట్టి మీరు భయపడకండి. పరీక్షకు మాత్రం భయపడండి, తప్పకుండా వస్తుంది."

అప్పుడు చూశాను. పక్కన పేర్ల వరుసలో ఒకరి మైకు గుర్తు వెలిగింది. ఒక్క క్షణం ఏదో గరగర, దూరంగా బండి హారన్. నేను మాట్లాడుతూనే ఉన్నాను. గుర్తు ఆరిపోయింది. కాసేపటికి మళ్లీ వెలిగింది. "మే..." అని ఒక ఆడగొంతు. నేను తర్వాతి జబ్బు పేరు చెబుతున్నాను. ఆరిపోయింది. మూడోసారి వెలిగినప్పుడు నేను "ఎవరిదో మైకు ఆన్‌లో ఉంది, ఆఫ్ చేసుకోండి" అన్నాను. మళ్లీ వెలగలేదు.

అక్కడ మనిషి పేరు లేదు. ఫోను మోడల్ నంబరు ఉంది. పేరు మార్చుకోవడం తెలియనివాళ్లకు అలా ఫోను పేరే పడుతుంది. నాలుగు నెలలుగా ఆ నంబరు నా క్లాసులో ఉంది. అది ఎవరో నేను అడగలేదు.

రెండో రికార్డింగు చూడలేదు. కోఆర్డినేటర్‌కు ఫోన్ చేసి ఆ మనిషి వివరాలు అడిగాను. కాసేపటికి పంపించింది. ఉట్నూర్ దగ్గర ఒక పల్లె. ఓపెన్ స్కూల్‌లో ఇంటర్ చదువుతున్నారు. వయసు ముప్పై ఒకటి.

ముప్పై ఒకటి! క్లాసు మొదలైన రోజు నుంచి నేను అందరినీ "పిల్లలూ" అంటున్నాను.

ఆ రోజు నాలుగైదుసార్లు చేశాను, కలవలేదు. మర్నాడు చేశాను. మోగి మోగి ఆగిపోయింది. గదికీ వంటింటికీ మధ్య తిరిగాను. ఆమె ఏం చెప్పబోయిందో నాకు ఎక్కడో తెలుస్తూనే ఉంది. అది నిజమని తేలకూడదని కూడా లోపల కోరుకున్నాను.

ఆ సాయంత్రం క్లాసులో ప్రశ్న అడిగి ఆగాలనుకున్నాను. "రక్తం గడ్డకట్టకపోవడం మగపిల్లల్లోనే ఎక్కువగా ఎందుకు కనిపిస్తుంది?" అని అడిగి, నోరు మూసుకుని, ఊపిరి లెక్కపెట్టుకున్నాను. ఏడో ఊపిరికి ఒక పిల్లవాడు రాశాడు: "మేడం, మీరు హ్యాంగ్ అయ్యారు." ఇంకొకడు బయటికి వెళ్లి మళ్లీ లోపలికి వచ్చాడు. ఒక అమ్మాయి గట్టిగానే అడిగింది, "మేడం, నెట్ పోయిందా?"

"లేదమ్మా, మీరు చెప్తారేమోనని చూస్తున్నా."

"మేమా?" అంది ఆ అమ్మాయి.

చివరికి జవాబు నేనే చెప్పేశాను. ఫోను మోడల్ నంబరు ఆ రోజు క్లాసులో లేదు. రెండ్రోజులకు ఒక తండ్రి కంపెనీకి ఫిర్యాదు చేశాడు, మేడం క్లాసులో ఊకనే కూసుంటున్నదని.

ఆమె నుంచి ఫోన్ వచ్చింది కొత్త సంవత్సరం రోజు మధ్యాహ్నం. వెనక జీపుల చప్పుడు, ఎవరో మరాఠీలో పిలుస్తున్న కేక.

"మేడం, మీరు చేసిన్రట. మా ఊర్లె సిగ్నల్ రాదు. సడక్ మీదికొస్తేనే కలుస్తది. నేనేమన్న తప్పు చేసిన్నా?"

"తప్పు నీది కాదమ్మా. ఆ రోజు నువ్వు మైకు మూడుసార్లు తీశావు. ఏం చెప్పాలనుకున్నావు?"

ఈసారి నేను ఆగాను. ఆగడం తప్ప వేరే దారి లేదు.

"మీరు మన దగ్గర లేదన్నరు మేడం. మా దగ్గర ఉన్నది."

ఆమె ఆశా కార్యకర్త. ఇంటింటికీ తిరిగి గర్భిణులను, పసిపిల్లలను చూసుకునే పని. సికిల్‌సెల్ పరీక్షకు జనాన్ని ఆరోగ్య ఉపకేంద్రానికి తీసుకొచ్చేది ఆమే. తన కింద ఉన్న ఇళ్లలోనే ఆ జబ్బు ఉన్న పిల్లలున్నారు. సొంత అక్క కూతురికి ఉంది. చలికాలం వస్తే ఒళ్లంతా నొప్పులతో ఆ పిల్ల ముడుచుకుని పడుకుంటుంది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదమ్మా?"

"మీరు మాట్లాడుతున్నరు గద మేడం. నడుమల ఎట్ల మాట్లాడాలె? పిల్లలు గూడ నవ్వుతరని భయమైంది." ఆగి, మళ్లీ అంది: "ఇంకోటి అడుగుదామనుకున్న. ఇద్దరి నుంచి వస్తదని మీరు డబ్బాలు గీసిన్రు సూడు, గది నాకు పూరా సమజ్ కాలే. నాకు మార్కుల కోసం కాదు మేడం. ఇక్కడ పిల్లకు జబ్బొస్తే కోడలినే తిడతరు. దాని రక్తమే మంచిగ లేదు, దాన్ని ఎందుకు తెచ్చుకున్నమని. మా అక్కను గూడ గట్లనే అన్నరు. తండ్రిది గూడ ఉంటదని వాళ్లకు సూపియ్యాలె. ఎట్ల సూపియ్యాలె?"

నేను ఫోనులోనే చెప్పడం మొదలుపెట్టాను. జన్యువు, యుగ్మవికల్పం, వాహకం. రెండు నిమిషాలు చెప్పాక నాకే వినిపించింది, మళ్లీ క్లాసు చెబుతున్నానని. ఆపేశాను.

"నేను వస్తా" అన్నాను. ఎందుకన్నానో తెలియదు. ఆగి ఉండలేకపోవడం నా అలవాటు. ఈసారీ అదే అయి ఉంటుంది.

ఆదివారం తెల్లారగట్ల కరీంనగర్ బస్టాండులో ఎక్కి లక్సెట్టిపేటలో దిగి, ఉట్నూర్ బస్సు పట్టుకున్నాను. జన్నారం దాటాక అడవిలో పొగమంచు ఇంకా విడలేదు. దారి పొడవునా సంచిలోని చార్టులను తీసి చూసుకుంటూ, మళ్లీ చుట్టి పెట్టుకుంటూ ఉన్నాను. ఉట్నూర్‌లో ఆమె నాకోసం నిలబడి ఉంది. సన్నగా, నల్లంచు చీరలో, చేతిలో రిజిస్టరుతో. తెర మీద ఫోను నంబరుగా ఉన్న మనిషికి ముఖం ఉంది, నుదుటి మీద చిన్న గాటు కూడా ఉంది.

"పిల్లలూ అంటరు గద మేడం మీరు," అంది నవ్వి. "నాకు ఇద్దరు పిల్లలు."

జీపులో పల్లెకు వెళ్లాం. ఉపకేంద్రం వరండాలో ఎనిమిది మంది ఆడవాళ్లు కూర్చున్నారు. ఆమె అక్క కూడా ఉంది, ఒక మూల. నేను చార్టు గోడకు తగిలించి, కణం బొమ్మ చూపించి, మొదలుపెట్టాను. ఎంతసేపు మాట్లాడానో తెలియదు. వాళ్లు మర్యాదగా విన్నారు. ఒకామె చంటిపిల్లకు పాలు పట్టింది. ఒకామె రొట్టెలు కాల్చాలని లేచి వెళ్లింది. నా మాటలు అయిపోయాక ఆశా కార్యకర్త నా పక్కన గొంతుక్కూర్చుంది.

"మేడం, గింజలతోటి చెప్పొచ్చునా?"

నేనూ అదే అనుకుని సంచిలో శనగలూ బఠానీలూ తెచ్చాను, మాటల్లో పడి మరిచాను. అవి తీసి ఇచ్చాను. ఆమె చేత్తో తడిమి తలూపింది.

"గివి పట్టుకుంటెనే తెలుస్తయి, ఏది ఏదో. సూడకుండ తీసినా ఎరుకైతది. చింతగింజలైతే ఒక్కతీరుగుంటయి."

పక్కింటి నుంచి దోసెడు చింతగింజలు తెచ్చింది. కొన్నిటిని బండ మీద ఒకవైపు, చేతికి తెలియనంత కొద్దిగా అరగదీసింది. లోపలి తెలుపు బయటపడింది. ఆటలకు అలాగే అరగదీస్తారు. నల్లగా ఉన్నది మంచిది, తెల్లబడ్డది జబ్బు గింజ. తల్లి కొంగులో ఒక నల్లది, ఒక తెల్లది. తండ్రి తువ్వాలలో ఒక నల్లది, ఒక తెల్లది. ఇద్దరూ చూడటానికి ఆరోగ్యంగానే ఉంటారు. కళ్లు మూసుకుని చెరొకటి తీసి బిడ్డకు ఇవ్వాలి.

ఇదంతా ఆమె మరాఠీ కలిసిన తమ మాటలోనే చెప్పింది. నాకు సగం తెలియలేదు. కానీ వాళ్లు ముందుకు జరిగారు. ఒకామె తల్లిగా కూర్చుంది, ఇంకొకామె తలకు తువ్వాల చుట్టుకుని తండ్రి అయ్యింది. నవ్వులు. మొదటి బిడ్డకు రెండూ నల్లవే. రెండో బిడ్డకు ఒకటి నల్లది, ఒకటి తెల్లది. మూడో బిడ్డకు మళ్లీ అలాగే. నాలుగో బిడ్డకు రెండూ తెల్లవి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి.

ముందు వరుసలో కూర్చున్న ముసలమ్మ, ఆమె అక్కకు అత్త, ఆ రెండు తెల్ల గింజలనూ అరచేతిలోకి తీసుకుంది. ఒకటి కొంగు నుంచి వచ్చింది, ఒకటి తువ్వాల నుంచి వచ్చింది. చాలాసేపు చూసింది. తర్వాత నా వైపు తిరిగి, నాకు అర్థం కావాలని తెలుగులో అడిగింది.

"అంటే బాయీ, నా కొడుకుది గూడ ఉన్నట్టేనా?"

నా నాలుక చివర చాలా ఉంది. అది ఎవరి తప్పూ కాదని, మీ కొడుక్కీ మీ నుంచో మీ భర్త నుంచో వచ్చి ఉంటుందని, పరీక్ష చేయిస్తే తెలుస్తుందని. ఆశా కార్యకర్త నా మోచేతి మీద చెయ్యి వేసింది. నేను "అవునమ్మా" అన్నాను. అంతకుమించి అనలేదు.

ముసలమ్మ గింజలు కింద పెట్టి లేచి వెళ్లిపోయింది. కోడలి వైపు చూడలేదు. మూలన కూర్చున్న కోడలు మాత్రం ముఖాన్ని కొంగుతో తుడుచుకుంది. నేను ముసలమ్మ వెనకే వెళ్లబోతే ఆశా కార్యకర్త ఆపింది.

"పోనీయుండ్రి మేడం. ఇంటికాడ ఆమెనే ఆలోచన చేసుకుంటది."

తిరుగు బస్సులో నాకు ఒక్క నిమిషం కుదురు లేదు. సరిగ్గా చెప్పానా, చెప్పకుండా ఉండాల్సిందా? ఒక తల్లి మీది నింద తీసి ఒక కొడుకు మీద పెట్టి వచ్చానా? పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఏడాదీ చెప్పిన పాఠం అది. కొడవలి బొమ్మ గీసి, నాలుగు మార్కుల ప్రశ్న అని గీత గీయించి ముందుకు పోయేదాన్ని. నా కాలేజీలో ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన పిల్లలు ఎందరో చదివారు. వాళ్లలో ఎవరైనా ఆ మాట విని తల దించుకున్నారేమో! ఒక్కొక్క ముఖం గుర్తుకు తెచ్చుకోబోయాను. చాలామందివి గుర్తు లేవు.

ఆ వారమే క్లాసులో చెప్పాను. "పోయిన నెల నేను తప్పు చెప్పాను. సికిల్‌సెల్ మన దగ్గర ఉంది. ఉట్నూర్ నుంచి ఒక అక్క మీకు చెప్తారు." ఆమె సడక్ మీద నిలబడి, గాలి హోరులో, పది నిమిషాలు మాట్లాడింది. పిల్లలు నవ్వలేదు. ఆమె అయిపోయాక చెన్నూరు నుంచి క్లాసుకు వచ్చే అమ్మాయి, నాలుగు నెలల్లో ఒక్కసారీ గొంతు వినిపించనిది, అడిగింది: "అక్కా, పెండ్లికి ముందు ఇద్దరూ పరీక్ష చేయించుకుంటే తెలుస్తదా?" నాకు జవాబు తెలుసు. పెదవులు బిగపట్టుకున్నాను. "తెలుస్తది చెల్లె" అని ఆమే మొదలుపెట్టింది.

ఫారం గడువు చివరి రోజున పంపాను. ఒకటి, ప్రశ్న అడిగాక జవాబు కోసం ఆగడం. రెండు, క్లాసులో ఎవరెవరున్నారో పేరుతో, ఊరుతో తెలుసుకోవడం. మూడు, పుస్తకంలో ఉన్న ప్రతి జబ్బు గురించీ అది మన జిల్లాల్లో ఉందో లేదో కనుక్కున్నాకే పాఠం చెప్పడం. కోఆర్డినేటర్ ఫోన్ చేసింది.

"మ్యామ్, చాలా బాగున్నాయి. కానీ పైవాళ్లు వీటిని ఎలా కొలవాలని అడుగుతున్నారు. ఒక సర్టిఫికెట్ కోర్సు కూడా కలపమంటున్నారు."

"కలుపుమ్మా" అన్నాను. కలిపింది.

కాంట్రాక్టు వచ్చింది. కాకపోతే ఫిర్యాదు చేసిన తండ్రి కొడుకున్న బ్యాచ్‌ను నా దగ్గర నుంచి తీసి వేరే టీచరుకు ఇచ్చారు. ఆ టీచరు గలగలా చెబుతుందట. రెండు రోజులు మంట పుట్టింది. మా ఆయన, "పోతే పోనీ, గా టైముల కూసోని తిను జర" అన్నారు. తినలేకపోయాను.

ఆగడం నాకు ఇంకా రాలేదు. మూడు ప్రశ్నలకు ఆగితే నాలుగోదానికి నేనే అందుకుంటాను. ముసలమ్మ కొడుకు ఇంతవరకూ పరీక్షకు రాలేదు. ఆశా కార్యకర్త వారానికోసారి ఆ ఇంటి ముందు నుంచే పోతోంది, అడగడం లేదు. కోడలిని మాత్రం ఇప్పుడు ఎవరూ ఆ మాట అనడం లేదని చెప్పింది. చింతగింజలు పట్టుకుని ఇంకో రెండు పల్లెలు తిరిగి వచ్చింది. నన్ను రమ్మని పిలవలేదు. నా అవసరం లేదు కూడా.

ఎల్లుండి మలేరియా పాఠం ఉంది. పుస్తకంలో పేజీన్నర. ఈ పొద్దున ఆమెకు ఫోన్ చేస్తే ఎత్తింది.

"ఎల్లుండి మలేరియా చెప్పాలి. మీ దగ్గర ఎట్లుంటుందో ముందు నువ్వు చెప్పు."

"ఇప్పుడు జీపు కోసం సడక్ మీదికొచ్చిన మేడం. ఒకామెకు నొప్పులు మొదలైనయి, దవాఖానకు తీస్కపోవాలె. సాయంత్రం మళ్ల ఇక్కడికొచ్చి చేస్త."

ఇప్పుడు మూడవుతోంది. లాప్‌టాప్ తెరిచే ఉంది. కాగితం మీద ఆమెను అడగాల్సిన ప్రశ్నలు రాసుకున్నాను. పదకొండు వచ్చాయి. కొట్టేసి నాలుగు చేశాను. లేచి ఇంకో రెండు చేర్చాను.